వ్యాసం మీద పేరు

పక్షవాతం వచ్చినవాళ్ళ మెదడు ఎలా కోలుకుంటుందో పరిశోధించే చోట, కర్నూలులో, అమూల్య సహాయకురాలు. పేరుకు పరిశోధన, సగం పని తలంట్లు. పట్నం పోతున్నామంటే తలకు నూనె దట్టించకుండా బస్సెక్కేవాళ్ళు మన పల్లెల్లో ఎవరున్నారు? నూనె తల మీద తీగల టోపీ పెడితే మెదడు తరంగాలు సరిగ్గా అందవు. అందుకని వచ్చినవాళ్ళందరికీ ఆమే తల రుద్ది, ఆరబెట్టి, టోపీ తొడిగి, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని పనికిరాని గీతలన్నీ ఏరి పారేసేది. రోగులు ఆమెను తలంట్ల పాప అనేవాళ్ళు.

ప్రాజెక్టు పెద్ద ప్రదీప్‌కుమార్ సారు మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఇలాంటి సహాయకులంతా శనివారం శనివారం ఫోన్లలో వీడియో కాల్ పెట్టుకుని కలుసుకుంటారు. శిక్షణ ఎక్కడ ఇస్తారు, దరఖాస్తు ఎలా రాయాలి, జీతం రాకపోతే ఎవరికి చెప్పుకోవాలి, అన్నీ మాట్లాడుకుంటారు. దాన్ని నడిపేది కడప అమ్మాయి శివజ్యోతి. ఆమె బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. అమూల్యకూ అక్కడికే పోవాలని ఆశ. అచ్చయిన వ్యాసం మీద పేరుంటే పిలుస్తారు, లేకుంటే లేదు. ఈ పరిశోధన మీద సారు రాస్తున్న వ్యాసం అచ్చుకు పోకముందే, పేరు పెట్టమని ఆయన్ను అడగమని శివజ్యోతి వారం వారం పోరింది.

అమూల్య తలూపేది. నందికొట్కూరులో నాన్న అంగట్లో తూకం తేడా వస్తే ఎంతటివాణ్ణయినా నిలదీసే పిల్ల, సారు గది దాకా పోయి తిరిగొచ్చేది. పెద్దాయనకు తెలియదా, ఆయనే పెడతాడులే అనుకునేది. అడగనిదే అమ్మైనా పెట్టదని తెలియక కాదు. సారు అమ్మకన్నా మేలనుకుంది.

వ్యాసం అచ్చయింది. సారు స్వీట్లు పంచాడు. వ్యాసం మీదున్న పేర్లలో ఒకాయన ఈ గది గడప కూడా తొక్కలేదు. అమూల్య పేరు చిట్టచివర, కృతజ్ఞతల్లో, జనరేటర్ ఇచ్చిన పుణ్యాత్ముల తర్వాత ఉంది. ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. స్వీటు నోట్లో పెట్టుకుంటే తీపి తెలియలేదు. ఆ మధ్యాహ్నం మహాదేవమ్మ అనే ముసలామెకు తలంటింది.

మర్నాడు పోయి అడిగింది. సారు నిజంగానే నొచ్చుకున్నాడు.

"ముందే అడిగింటే పెట్టేవాణ్ణి కదమ్మా. నీకు ఇట్లాంటివి పట్టవేమో అనుకున్యా. వచ్చేసారి చూద్దాం."

వచ్చేసారికి బెంగళూరు దరఖాస్తు గడువు దాటిపోతుంది. సరే సార్ అని వచ్చేసింది.

ఆ శనివారం శివజ్యోతి అడిగితే, ఎవరి సంగతో చెప్పినట్టు జరిగిందంతా చెప్పింది. అప్పుడు కడపలో ఓ ప్రాజెక్టులో కొత్తగా చేరిన శ్రీవాణి నోరు విప్పింది.

"మా మేడం శానా మంచిదక్కా. నేను అడిగేదేముండాది, ఆమే చూసుకుంటాది."

అమూల్యకు ఒళ్ళు మండింది. సారు మీదా, ఈ పిల్ల మీదా, అన్నిటికన్నా తన మీద.

"సోమవారం పొద్దున్నే పోయి అడుగు," అంది. "చెడ్డోళ్ళయితే నేనెప్పుడో అడిగిందును. మంచోళ్ళని అడగలేకనే నష్టపోయినా."

ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. ఫోను ఆపాలని తోచలేదు. అందరూ చూస్తుండగానే ఏడ్చింది.