వైరు లేని స్విచ్

పొద్దు వాలగానే ఆ ఇంట్లో దీపాలు వాటంతటవే పని మొదలుపెడతాయి. చేతినిండా గిన్నెలతో అత్తగారు వంటింటి గుమ్మం దాటితే చాలు, లోపల వెలుగు. ఆవిడ బయటికొస్తే ఆరిపోతుంది. గోడ తడుముకోవడాలు, "ఆ లైటు ఎవరు వదిలేశార్రా!" అన్న కేకలు ఆ ఇంట్లో ఎప్పుడో బందయ్యాయి. బిగించింది కోడలు. ఎలక్ట్రీషియన్. తను నిచ్చెన భుజాన వేసుకుని పనికి వెళ్తుంటే అత్తగారు గేటు దగ్గర నిలబడి మరీ చూసుకుంటుంది. చూసుకోదూ మరి!

కోడలు బిగించిన దీపాలు మిగతావాటికంటే నాలుగాకులు ఎక్కువే చదివాయి. మనిషి వెళ్ళిన చోటే కాదు, వెళ్ళాలని మనసు లాగిన చోట కూడా వెలుగుతాయి. మనవరాలు పుస్తకం ముందు కూర్చుని బొమ్మల గురించి ఆలోచిస్తే బొమ్మలగదిలో వెలుగు. డాక్టరు తీపి మానమన్న మామగారికి పంచదార డబ్బా గుర్తొస్తే వంటింట్లో వెలుగు.

"కూర్చోండి కూర్చోండి, చూశాంలే," అంటుంది అత్తగారు. అంతకుమించి దాని గురించి మాట్లాడుకునేదేం లేదు.

మామగారిని వీధంతా పెద్దమేస్త్రి అంటుంది. నలభై ఏళ్ళపాటు ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగు చేసిన మనిషి. పోయినేడాది మేడమెట్ల మీద, చీకట్లో, ఏడో మెట్టు దగ్గర పడ్డాడు. విరిగిన కాలు అతుక్కుంది. హాయిగా మెట్లెక్కమన్నాడు డాక్టరు. ఈయనేమో తన పనిముట్లున్న మేడగది వైపు తలెత్తి చూస్తే ఒట్టు. ఎవరడిగినా "చెప్పు జారింది" అనేవాడు.

చెప్పు పాపం ఏం చేసింది! ఆ మెట్లకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. కిందది ఏనాడూ పనిచెయ్యలేదు. "పాడైంది, మారుస్తాలే" అంటూ ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ చీకట్లో పైదాకా ఎక్కి లైటు వేసుకునేవాళ్ళు. ఆయన పడ్డాక మెట్లకి ఆటోమేటిక్ దీపాలు పెడుతూ కోడలు ఆ స్విచ్ విప్పింది. వెనకాల వైరే లేదు. కొత్తింట్లో దిగే తొందరలో వైరు చాలక ఉత్త స్విచ్ గోడకి తగిలించేశాడు మహానుభావుడు! కోడలు దాన్ని మళ్ళీ ఉన్నచోటే బిగించేసింది. మొగుడిక్కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచీ సాయంత్రం ఆరు కొట్టేసరికి మెట్ల మీద దీపాలు వెలగడం మొదలైంది. మెట్ల మీద ఎవరూ ఉండరు. మామగారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ ఉంటాడు.

"అమ్మాయ్, అవి పాడైనట్టున్నాయి, చూడు."

"బాగానే ఉన్నాయి మామయ్యా."

"పాపం, ఎన్నాళ్ళు నిలబెడతారండీ వాటిని? కాళ్ళు పీకుతాయి," అని అత్తగారు మూతి తిప్పేది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకునేవాడు.

ఒకరోజు పెద్ద అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు వచ్చింది. వాళ్ళ మెట్ల మీద పెద్దవాళ్ళు తరచూ పడిపోతున్నారట. ఇక్కడ నచ్చితే అపార్ట్‌మెంట్ మొత్తం పని కోడలికే. కోడలు చేసినవాటిల్లోకెల్లా పెద్ద పని. ప్రెసిడెంటు గదులన్నీ తిరిగింది, దీపాల సంగతంతా విని తృప్తిగా తలూపింది. అంతలో ఆరైంది. మెట్ల మీద దీపాలు వెలిగాయి.

"పైకి ఎవరు వెళ్ళాలనుకుంటున్నారు?" అని అడిగింది.

పేపరు వెనక మామగారి తల ఇంకాస్త కిందికి దిగింది.

"ఎవరూ లేరా? అయితే మీ దీపాలు అబద్ధం చెప్తున్నాయన్నమాట. ఇలాంటివి మా పెద్దవాళ్ళకి ఎలా పెట్టమంటారమ్మా?"

కోడలు నోరు విప్పితే ఒక్క ముక్కలో తేలిపోయేది. విప్పలేదు. తల వంచుకుని కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడింది. ప్రెసిడెంటు బ్యాగు భుజానికి తగిలించుకుంది.

పేపరు మడిచిన చప్పుడైంది. పెద్దమేస్త్రి లేచాడు. కోడలి జేబులోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని, మెట్ల కింది స్విచ్ విప్పి ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు.

"దీని వెనక వైరు లేదమ్మా. ముప్పై ఏళ్ళు అబద్ధం చెప్పింది ఇదీ, నేనూ. పైకెళ్ళాలని ఉన్నది నాకే. ఏడాదిగా భయపడి చస్తున్నాను. మా కోడలి దీపాలకి అబద్ధం రాదు."

"ముప్పై ఏళ్ళు నన్ను చీకట్లో ఎక్కించారా!" అంది అత్తగారు. కొంగు మాత్రం కళ్ళ దగ్గరికి పోయింది.

ఆయన గోడ పట్టుకుని ఎక్కాడు. ఏడో మెట్టు దగ్గర ఆగాడు. కోడలు కదలబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. పైన మేడగదిలో దీపం వెలిగింది. చెయ్యి గోడ మీంచి తీసేసి ఆయన చకచకా పైకెక్కేశాడు. ప్రెసిడెంటు బ్యాగు భుజం మీంచి దించి, రేపట్నుంచే పని మొదలుపెట్టమంది కోడలితో.

దిగేటప్పుడు భుజాన పాత పనిముట్ల సంచి ఉంది. దుమ్ము దులుపుతూ కోడలి పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలుసు కదూ, అమ్మాయ్?"

"తెలుసు మామయ్యా."

"ఊళ్ళో సగం ఇళ్ళకి వెలుగిచ్చానని తిరిగాను. నా ఇంటికి వెలుగిచ్చింది నువ్వు," అన్నాడు. తర్వాత ప్రెసిడెంటు వైపు తిరిగి, "మా మేస్త్రిగారు ఒప్పుకుంటే రేపు తనతో నేనూ వస్తానండీ, నిచ్చెన పట్టుకోడానికి," అన్నాడు.

కోడలు జవాబు చెప్పబోయింది. ఈలోపే వీధిగుమ్మం దీపం వెలిగింది.