రెండు గుట్టల రాయి

ఆ ఏడు వానలు లేక శెనక్కాయ చేలు ఊడ దిగకుండానే ఎండిపోయాయి. కర్ణాటక అంచున వై.ఎన్.హొసకోట దగ్గరి గుట్ట మీద రాయి కొట్టేవాళ్లకు మాత్రం చేతిలో పని ఉంది. వాళ్లు సంఘం పెట్టుకుని, ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, కంట్రాక్టరు చేతిలోని లీజు తమ పేరున రాయించుకున్నారు. సంఘానికి పెద్ద నరసక్క. "ఇంక మన రాయి మనమే జపానుకు అమ్ముకుంటాం" అని ఆమె అన్నప్పుడు నవ్వినవాళ్లే, మొదటి లారీ మద్రాసు రేవుకు కదిలిన రోజు టెంకాయ కొట్టారు.

బేరం కుదిర్చేది బెంగళూరు ఏజెంటు. రెండోసారి వచ్చినప్పుడు అతను దిమ్మెల చుట్టూ తిరిగి చూశాడు.

"రాయి బాగుందమ్మా. చైనా వాళ్లు ఇంతకన్నా తక్కువకిస్తున్నారు. మీరు ప్రపంచంతో పోటీ పడాలి."

కూలి కోస్తే తప్ప తగ్గే ధర కాదది. నరసక్క కుదరదంది.

అతను చైనాకు పోలేదు. రాష్ట్ర సరిహద్దు దాటి అనంతపురం జిల్లాలోని పక్క గుట్టకు పోయాడు. అక్కడ సంఘం పెట్టించింది నరసక్కే. నడిపేది ఆమె చెల్లెలు నల్లమ్మ. సంగతి తెలిసి నరసక్క ఎండలో నడిచి వెళ్లింది.

"ఆ ధరకెట్ల ఒప్పుకుంటివే?"

"నువ్వు ఒప్పుకున్నావని చెప్పినాడు కదక్కా."

"నేను ఒప్పుకోలేదు."

నల్లమ్మ గ్లాసులో మజ్జిగ పోసి అక్క ముందు పెట్టింది.

"ఇద్దరం బిగబట్టుకుందాం," అంది నరసక్క. "రాయి కదలకపోతే వాడే దిగొస్తాడు."

"యాడ బిగబట్టేది? చేన్లో గింజ లేదు. మావోళ్లు ఇనరు. మీవోళ్లు ఇంటారా?"

ఆ మజ్జిగ తాగకుండానే నరసక్క లేచింది.

సంఘం కూర్చున్నప్పుడు ఆమె ఆగుదామంది. రాయి కొట్టే దాసన్న లేచాడు. "నీ చెల్లెలి లారీలు పోతానే ఉండాయి. మేము పస్తుండి వాళ్ల కడుపు నింపల్లా?" తక్కినవాళ్లూ అతని మాటే అన్నారు. నల్లమ్మ ఇచ్చేదానికన్నా తక్కువకే ఇస్తామని ఏజెంటుకు కాగితం రాసి పంపారు. ఆ కాగితం కింద సంతకం నరసక్కదే.

లారీలు మళ్లీ ఇటు వచ్చాయి. అవతలి గుట్టలో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

కొన్నాళ్లకు అటువాళ్లు గంపలు, సుత్తులు పట్టుకుని కూలి వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లలో నల్లమ్మ ఉంది.

"పనుండాదా?" అని అడిగింది. అక్కా అనలేదు.

"ఉండాది," అంది నరసక్క. తగ్గించిన కూలి ఎంతో చెప్పింది.