గోడ మీది గిడుగు

చెప్పిన పాఠం చెప్పినట్టు అప్పజెప్పే సోని ఆ రోజెందుకు నోరు విప్పలేదన్నది వరహాలరావు మాస్టారికి ఏళ్ల తరబడి తీరని సందేహం. డుంబ్రిగుడ దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ఆయన ఇంగ్లిషు చెప్పే రోజులవి. 'బ్రింగ్'కి గతం అడిగితే 'బ్రాట్' అని ఠక్కున చెప్పిన పిల్ల, భవిష్యత్తు దగ్గరికొచ్చేసరికి మూగదైపోయింది.

"ఐ విల్ బ్రింగ్, తెస్తాను. ఐ విల్ హావ్ బ్రాట్, అప్పటికి తెచ్చేసి ఉంటాను. ఏటుందే ఇందులో? అనవే, మొద్దు గుంటా!" అని గదిమి, చలిలో గుమ్మం బయట నిలబెట్టారు.

తర్వాత ఆయనకు కొండ కిందికి బదిలీ అయింది. ఈ ఏడాది పరీక్షల డ్యూటీకి వచ్చినప్పుడు, సంతలో మిరియాలు అమ్ముతున్న సోనిని గుర్తుపట్టారు. కుశలప్రశ్నలయ్యాక ఆ సంగతి అడిగారు.

సోని నవ్వింది. "మా ఊళ్లో తెత్తానని ఊరికే అనరు సార్. మా ఇంటి శంకుదేవుడు ఇంటాడు. ఏటి తేవాలో, ఎవులికి తేవాలో సెప్పకండా తెత్తాను, తెత్తాను అనమంటే ఎలాగంటాను? బాకీ పడిపోనా?"

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదమ్మా!"

"మా నాన గిడుగు తెత్తానని మీరే తేలేదు. మీకెలా సెప్తాను?"

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది. తాను ఆ బడిలో ఉద్యోగానికి చేరిన రోజు జోరువాన. సోని తండ్రి మంగ్లు తన తలమీది గిడుగు తీసి ఆయనకు పెట్టాడు. వెదురుబద్దల మధ్య అడ్డాకులు పేర్చి అల్లిన వానగొడుగు అది. "రేపే తెచ్చిస్తాను" అన్నారు ఆయన.

"మీ నాన్న ఇంకోటి అల్లుకోలేదా?"

"అల్లితే సార్ మాట తప్పారని మనమే అన్నట్టు గదా అన్నాడు. గోనె కప్పుకునే తిరిగాడు. ఇంతకీ అదుందా?"

"మా హాల్లో... గోడకి పెట్టాం. వచ్చినవాళ్లంతా బాగుందంటారు."

"మీ గోడకి వానెక్కువేటి సార్?"

పక్కన అల్లం అమ్ముతున్న గాసి పకపకా నవ్వింది. "తెస్తానమ్మా" అనబోయి మాస్టారు పెదవి కొరుక్కున్నారు. ఆ మాట అనే అర్హత ఇంకా ఉందా అనిపించింది.

కొత్తవలసలో ఇంటికెళ్లిన సాయంత్రం దీపం పెట్టారు గానీ, దేవుడి పటం వైపు కళ్లెత్తలేకపోయారు. తాను నిత్యం పూజించే ఈ దేవుడూ, అన్న మాట వినే మంగ్లు ఇంటి దేవుడూ వేరా? గిడుగు దించితే గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. భార్య రత్నాలు ఏమిటని అడిగితే "మనది కాదు" అన్నారు.

మాస్టారు మళ్లీ కొండెక్కి తెచ్చిచ్చిన గిడుగుని మంగ్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. వేళ్ల కింద ఎండుటాకులు పెళపెళలాడాయి. ఆకులు మార్చాలి గానీ బద్ద గట్టిదేనన్నాడు. ఎండ మండిపోతున్నా తలకి పెట్టుకున్నాడు.

"బేగినే తెచ్చారు బాబూ" అని, ఆవుల వెనక నడిచాడు.