సముద్ర మట్టానికి నాలుగు మీటర్లు

సుంకప్ప పొద్దున్నే లేచి, మొహం కడుక్కోకముందే బోర్డు తుడుస్తాడు. ముందు తెలుగు అక్షరాలు, తర్వాత హిందీ, ఆఖరున ఇంగ్లీషు. పొడిగుడ్డతోనే తుడుస్తాడు, తడిగుడ్డ వాడేంత నీటి సంపద ఆ ఊరికి లేదు. పసుపుపచ్చ రేకు మీద నల్లటి అక్షరాల్లో 'ఉప్పుతిప్ప' అని ఉంటుంది. దాని కింద చిన్నగా 'సముద్ర మట్టానికి ఎత్తు 4 మీటర్లు' అని ఉంటుంది.

బోర్డున్న ఊరు మాత్రం ఉప్పుతిప్ప కాదు, చిలమత్తూరు బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊరు. చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, ఎర్రమట్టి, ఎండిపోయిన బోరు గొట్టాలు. ఆ ఊళ్లో సముద్రాన్ని చూసినవాడు సుంకప్ప ఒక్కడే.

చూడడమేమిటి, ముప్పై ఏళ్లు దాని పక్కనే పడుకున్నాడు. కోస్తాలోని ఉప్పుతిప్ప స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అతను. ఒక ప్లాట్‌ఫారం, రెండు బెంచీలు, ఎటు చూసినా ఇసక. రైలు వచ్చేముందు పట్టాల మీద ఇసక ఊడ్చేవాడు. రైలు పోయేసరికి గాలి మళ్లీ అంత ఇసకా తెచ్చి పోసేది, మళ్లీ ఊడ్చేవాడు. పీతలు పట్టాలు దాటుతుంటే చీపురుతోనే అదిలించేవాడు. చేపల బుట్టల ఆడవాళ్లందరూ ఎక్కేదాకా గార్డు పచ్చజెండా ఊపేవాడు కాదు, ఊపితే ఊరుకునే ఆడవాళ్లూ కారు వాళ్లు. తర్వాత లైను దూరంగా మార్చారు, స్టేషను మూసేశారు. తన చేత్తో ఏటేటా రంగు వేసిన బోర్డు తుక్కులో పడి ఉంటే సుంకప్ప చూస్తూ వదిలేసి రాలేకపోయాడు. అడిగి తీసుకుని, హిందూపురం పోయే టెంకాయల లారీ మీద వేసుకుని వచ్చేశాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. అందుకని అక్క కూతురు హేమలత ఇంటికే చేరాడు.

ఎనిమిది అడుగుల బోర్డు ఇంట్లో ఎక్కడ పడుతుంది? హేమలత బత్తాయి తోట, అక్కడి మాటలో చీనీతోట, గట్టు మీద పాతారు. ఆ సాయంత్రం నుంచి తోటలో ఉప్పుగాలి వీచింది. నేలకు చెవి ఆనిస్తే అలలు వినిపించాయి.

"సర్కారోళ్లు రాసిన బోర్డప్పా. నాలుగు మీటర్ల కింద సముద్రం ఉండాదని రాసినాక, ఉండకుండా యాడికి పోతాది?" అంది మేకలు కాసే మారెక్క. ఆమె మేకలు రోజూ ఆగి బోర్డు కాళ్లు నాకి పోయేవి, ఉప్పంటే వాటికి ప్రాణం. ఊరివాళ్లు ఔనని తలూపి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. ఉప్పునీళ్లతో వాళ్లకేం పని?

ఆ ఎండాకాలం హేమలత బోరు ఎండిపోయింది.

ఆ చీనీచెట్లు హేమలత పెట్టినవి. మొక్కలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆరేళ్లు సాకింది. కొమ్మకొమ్మకూ పిందె పట్టింది ఆ యేడే. వానలు పడేదాకా ప్రాణం నిలిపితే చాలు. ఆ మాత్రం నీళ్లు ఎక్కడా లేవు.

"బొగ్గులోళ్లతో మాట్లాడినా," అన్నాడు ఆమె మొగుడు గంగాధర్, అన్నం ముందు కూర్చుని. "సోమారం వచ్చి చెట్లు కొడతారు. బెంగళూరులో వాచ్‌మన్ పని ఉండాదంట. ఇద్దరం పోదాం."

"పిందెలున్న చెట్టును కొట్టేకి చేతులెట్ల వస్తాయి నీకు?"

"నిలబెట్టి ఎండబెట్టేది మాత్రం చేతనయితుందా? రోజూ చూడలేకుండా ఉండా నేను."

అతను అన్నం పళ్లెం పక్కకు నెట్టాడు. హేమలతకు కోపం వచ్చింది, జాలీ వేసింది. లేచి గట్టు మీద సుంకప్ప దగ్గరికి పోయింది.

"మామా, ఈడ తవ్వుదామా?"

"ఉప్పునీళ్లు తల్లీ. ఒక్క పూటలో చెట్లన్నీ మాడిపోతాయి."

"మరి ఉప్పుతిప్పలో మీరు ఏం తాగినారు? ముప్పై ఏండ్లు ఉప్పునీళ్లే తాగినారా?"

సుంకప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రోజూ ఉప్పుతిప్ప కథలు చెప్పే మనిషికి అసలు సంగతి గుర్తే రాలేదు! అక్కడ అందరూ ఇసకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగేవాళ్లు. డ్యూటీలో చేరిన మొదటివారం అతను బక్కెట్టుతో దబదబా తోడుతుంటే, చేపలమ్మే కృపాకుమారి వచ్చి బక్కెట్టు లాక్కుంది. "నీళ్లని నిద్ర లేపేస్తారేంటండీ బాబూ! పైన తియ్యనీళ్లు పడుకుంటాయి, అడుగున ఉప్పునీళ్లు. ఇలా చిప్పతో, మెల్లగా తీసుకోవాలి," అని కొబ్బరిచిప్ప చేతిలో పెట్టింది.

ఆ రాత్రే సుంకప్ప ఈ సంగతి మొగుడూ పెళ్లాలిద్దరికీ చెప్పాడు. మరునాడు బోర్డు పక్కన గుంత మొదలుపెట్టారు. గంగాధర్ నమ్మలేదు. అయినా ఊరికే కూర్చోలేక గడ్డపార పట్టాడు. ఎర్రమట్టి అయిపోయింది, గరుసు రాళ్లపొర అయిపోయింది. సరిగ్గా బోర్డు చెప్పిన లోతుకు పోయేసరికి తెల్లటి ఇసక తగిలింది. ఇసకలో గవ్వలున్నాయి. ఆ ఇసక తడిసి, చూస్తూండగా అరచేతి మందం నీళ్లూరాయి. గంగాధర్ దోసిలితో తాగాడు.

"తియ్యగుండాయి," అన్నాడు. "మా నాయన తొమ్మిది బోర్లు వేసినాడు. ఒక్కదాంట్లో ఇన్ని నీళ్లు పడల్యా." అని, గుంతలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చిప్పతోనే తోడాలప్పా. గుర్తుండాదా?" అన్నాడు సుంకప్ప.

గుర్తుంది. కానీ మా సీమలో నీళ్లు కంటబడితే మనిషి చెయ్యి మోటారు మీదికే పోతుంది, అది పుట్టుకతో వచ్చిన జబ్బు. మరునాడు సుంకప్ప పింఛను పనిమీద హిందూపురం పోగానే, గంగాధర్ తన స్నేహితుడు నాగప్ప దగ్గర మోటారు అడిగి తెచ్చి గుంతలో దించాడు. నీళ్లు గొట్టం పగిలేట్టు దూకాయి. ఊరంతా వచ్చి ఈలలు వేసింది. మొదటి సాలు చెట్లకు కాలువ నిండా పారుతుంటే గంగాధర్ మీసం మెలేశాడు.

మధ్యాహ్నానికి కాలువ అంచున తెల్లటి పొర కట్టింది. హేమలత వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. పరుగెత్తి మోటారు ఆపేసింది. సాయంత్రానికి మొదటి సాలు ఆకులు ముడుచుకుపోయాయి.

సుంకప్ప వచ్చేసరికి గంగాధర్ గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"సంపినా మామా. నా చేతులతో నేనే సంపినా."

తిట్టాలనే వచ్చాడు సుంకప్ప. ఆ మొహం చూశాక తిట్టు నోట్లోనే ఆగిపోయింది. "ఒక్క సాలే పోయినాది. నీళ్లు సావలేదులే, నిద్ర లేసినాయి అంతే. మళ్ల పండుకోనీ," అన్నాడు.

"పండుకున్నా ఒక్క గుంత నీళ్లు ఇన్ని చెట్లకు యాడ సాలుతాయి మామా? చిప్పతో తోడితే ఊరు నవ్వదా?"

"ఉప్పుతిప్పలో ఒక్క గుంత నుంచి ఎవురు తోడినారప్పా? ఇంటికొక చెలమ. నలభై ఇండ్లకు నలభై చెలమలు."

మాట పూర్తికాకముందే హేమలత చెప్పులు వేసుకుంది. ఆ పూటే ఇల్లిల్లూ తిరిగింది. "మా తోటలో మీ ఇంటికొక చెలమ తవ్వుకోండి. తాగేకి కావాల్సినన్ని మీరు తీసుకోండి. చెట్టుకొక కడవ పోయండి, అంతే," అని అడిగింది. టాంకరు కోసం కాపు కాసి, కడవల దగ్గర జుట్లు పట్టుకునే ఊరు. ఎవరు కాదంటారు?

ఆదివారం పొద్దున్నే ఊరంతా గడ్డపారలతో దిగింది. సుంకప్ప పెట్టెలోంచి పాత ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. గ్యాంగ్‌మన్లు పట్టాలెత్తేటప్పుడు మేస్త్రీ ఎలా కేకేసేవాడో అలాగే గట్టు మీద నిలబడి, "జోర్ లగాకే!" అన్నాడు. "హైసా!" అంది ఊరు. ముసలివాళ్లూ హైసా, కోడళ్లూ హైసా. మారెక్క మేకలు బెదిరి గుట్టెక్కాయి. పొద్దు వాలేసరికి తోట చుట్టూ చెలమలు.

మరునాడు తెల్లవారింది. పక్కింటివాడితో మాట్లాడినా పక్కూరికి వినబడేట్టు అరిచే మనుషులు, చిప్పలు పట్టుకుని చెలమల్లోకి దిగి, నీళ్లు నిద్ర లేస్తాయని నోరు మూసుకున్నారు! అంత నిశ్శబ్దం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. హేమలత ముందుగా తన చెలమలో చిప్ప ముంచి తాగింది. తియ్యగా ఉన్నాయి. ఆమె చెయ్యెత్తగానే కడవలు కదిలాయి. ఎండ ముదిరేసరికి చివరి చెట్టు మొదలు దాకా తడి పాకింది. మొదటి సాలుకు మాత్రం ఉప్పు కడుక్కుపోవాలని చెట్టుకు ఇద్దరేసి మనుషులు రెండేసి కడవలు పోశారు.

అప్పుడే బొగ్గులవాళ్లు గొడ్డళ్లు భుజాన వేసుకుని వచ్చారు.

"ఏమప్పా గంగాధర్! ఏ సాలు నుంచి కొట్టేది?" అని పెద్దగా అరిచాడు ముందున్నవాడు.

గంగాధర్ చెలమలోంచి పైకెక్కి తల బయటపెట్టాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"అరవద్దన్నా," అన్నాడు మెల్లగా. "చెట్లు కొట్టేది లేదు. గొడ్డళ్లు ఆడ పెట్టి రాండి, నీళ్లు తాగుదురు."

హేమలత భుజం మీది కడవ దించి, మొగుడి వంక చూసింది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బొగ్గులవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, గొడ్డళ్లు గట్టుకు ఆనించి, చెప్పులు విడిచి మెల్లగా దిగారు. తాగిన తర్వాత వాళ్లలో ఒకడు అడక్కుండానే కడవ అందుకున్నాడు.

వానలొచ్చేదాకా ఆ ఊరు రోజూ పొద్దున ఓ గంటసేపు గుసగుసగానే మాట్లాడింది. మొదటి సాల్లో రెండు చెట్లు పోయాయి, మిగతావన్నీ నిలబడ్డాయి. కాయలు కోసినరోజు ఊరంతా తోటలోనే భోజనం చేసింది. లారీ నిండింది. హేమలత కొత్త చీర కట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది, బేరం తనే చూసుకుని మర్నాటికి వచ్చేస్తానంది. లారీ కదలగానే సుంకప్ప పచ్చజెండా ఊపాడు. గంగాధర్ ఊరి పొలిమేర దాకా దాని వెనకే పరుగెత్తి, ఈల వేసి, వెనక్కి తిరిగి తోటకు పోయాడు. ఆ యేడు ఆ ఇంటి నుంచి బెంగళూరికి పోయినవి చీనీకాయలే.