పుట్టినరోజు ప్రకటనలు

భర్త పుట్టినరోజుకు ముందు సాయంత్రం, శ్రీనగర్ కాలనీలోని పత్రిక ఆఫీసులో రాజ్యలక్ష్మి సిటీ పేజీ ప్రూఫు తెరిచింది. ఒక్క వార్త లేదు. పేజీ నిండా వరప్రసాద్ ఫోటో, కింద శుభాకాంక్షలు.

ఇరవై ఏళ్ళు ఈ పత్రిక నడిపిన వరప్రసాద్ నిరుడు ఎమ్మెల్యే అయ్యాడు. గెలిచిన వారానికి పత్రికను భార్యకు అప్పగించాడు. పబ్లిషరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన పుట్టినరోజుకు ఎవరూ ప్రకటన ఇవ్వలేదు. ఈసారి నిర్మాతలు, బిల్డర్లు వరస కట్టారు. సిటీ పేజీ మొత్తం కొన్నవాడు ఓంప్రకాష్ అనే బిల్డరు.

"నీ పార్కు వార్త ఏదయ్యా?" అని రిపోర్టరు తిరుమలేశ్‌ను అడిగింది.

"ముందు యాడ్, మిగిలిన జాగల వార్త గద మేడం. ఇయ్యాల జాగనే మిగల్లే."

ఫిలింనగర్‌లో పార్కు స్థలంలో ఓంప్రకాష్ ఫంక్షన్ హాలు మొదలుపెట్టాడు. శంకుస్థాపన చేసింది వరప్రసాద్. ఆయన తాపీ పట్టుకున్న ఫోటో తిరుమలేశ్ దగ్గరుంది.

"యాడ్ తీసెయ్. వార్త పెట్టు. ఫోటో కూడా."

"సార్ ఫోటోనా?"

"రాయి వేసింది ఆయనే కదా."

కబురు జూబ్లీహిల్స్‌లోని ఇంటికి చేరింది. వరప్రసాద్ స్వయంగా వచ్చాడు.

"ఏంటి రాజ్యం ఇది? మంత్రివర్గంలో చోటు ఖాయమవుతున్న సమయం. ఓంప్రకాష్ పార్టీ పెద్దలకు కావలసినవాడు. నాలుగు రోజులు ఆగలేవా?"

"నాలుగు రోజులాగితే గోడలు లేస్తాయి."

"మంత్రినైతే ఇలాంటి పార్కులు పది కాపాడతాను."

"ముందు ఈ ఒక్కటీ వదిలెయ్యండి."

"సొంత పెళ్ళామే వేసిందని ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనివ్వండి. కొని చదివాకే కదా నవ్వేది."

తిరుమలేశ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, జర మీ మాట చెప్తే రాసుకుంట. చెప్పకుంటే 'స్పందించలేదు' అని రాయాలె. మీరు పెట్టిన రూలే."

వరప్రసాద్ భార్య వైపు చూశాడు. ఆమె యాడ్ మీద అడ్డంగా గీత కొడుతోంది. ఆయన వార్త అందుకుని నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు.

"రాసుకో. అది పార్కు స్థలమని నాకు తెలియదు."

రాజ్యలక్ష్మి కలం ఆగింది. ఆ స్థలం పార్కుదేనని వెనక ఇదే పత్రికలో వరసగా వార్తలు వేయించింది ఆయనే. ఆ వార్తలకే ఫిలింనగర్ బస్తీవాళ్ళు ఆయన్ని మొదటిసారి భుజాల మీద ఎత్తుకున్నారు. ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది.

వరప్రసాద్ తిరుమలేశ్ వైపు తిరిగాడు. "కొట్టెయ్ తిరుమలేశ్. తెలిసే వెళ్ళాను. తప్పు చేశాను. రేపు నేనే వెళ్ళి ఆ రాయి తీయించేస్తాను."

"మంత్రి పదవి, సార్?"

"అది నీ వార్తలో లేదుగా. నేను చెప్పింది రాయి."

"ఎన్నింటికండీ?" అంది రాజ్యలక్ష్మి.

"ఏంటి?"

"రాయి తీయించడం. ఫోటోగ్రాఫర్‌ని పంపాలి."

"పదింటికి. కేకు కోయిస్తామన్న వాళ్ళను కూడా అక్కడికే రమ్మంటాను."