రాసిచ్చింది చదివే మనిషి

ఉమాశ్రీ తాతగారు రామ్మోహనరావు అయిదేళ్లు ఓ ఉత్తరాది రాష్ట్రానికి గవర్నర్‌గా చేశారు. అంతకుముందు ముప్పయ్యేళ్ల రాజకీయం. ఒక్క కేసు లేదు, ఒక్క శత్రువు లేడు. శత్రువు ఎలా ఉంటాడు? ఎవరు తాన అన్నా తందానా అనే మనిషాయె. ఏటా శాసనసభలో మంత్రులు రాసిచ్చిన ప్రసంగాన్ని "నా ప్రభుత్వం" అంటూ పొల్లుపోకుండా చదివేవారు. రైతుల మీద కాల్పులు జరిగిన ఏడాది కూడా శాంతిభద్రతలు భేషుగ్గా ఉన్నాయనే చదివారు. అదేమంటే, "రాజ్యాంగం అలాగే చదవమంది తల్లీ" అనేవారు. ఇంట్లో అందరికీ అదో గొప్ప. ఉమాశ్రీకి మాత్రం ఒళ్లు మంట.

ఇప్పుడు ఆ మంట ఆమె గుమ్మంలోకే వచ్చింది. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే కంపెనీ జనాన్ని పీకేస్తోంది. పీకేస్తున్నామని ఒప్పుకోదు. ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నట్టు కాగితం తనే రాసి, సంతకం పెట్టమంటుంది. పక్కసీటు రసజ్ఞ ఏడుస్తూ పెట్టేసి వెళ్లింది. ఇవాళ ఉమాశ్రీ వంతు. సాయంత్రంలోగా సంతకం కావాలట. ఇవాళే కంపెనీ వార్షికోత్సవం. ముఖ్య అతిథి తాతగారే.

కూకట్‌పల్లి నుంచి కారులో వస్తూ ఆయన్ని బతిమాలింది.

"వేదిక మీద ఒక్కమాట అడగండి తాతయ్యా, ఇలా బలవంతాన పంపెయ్యడం న్యాయమేనా అని. మీరంటే వింటారండీ."

"అడుగుతాలే తల్లీ. నీకంటే నాకెవరు?"

తీరా మైకు ముందు కంపెనీవాళ్లు ఓ ఫోల్డరు పెట్టారు. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. అంతే, పాత రోగం తిరగబెట్టింది.

"మా సంస్థ ఎవరినీ పొమ్మనలేదు. వెళ్లినవారంతా ఇష్టపూర్వకంగానే వెళ్లారు."

మా సంస్థట! హాలంతా చప్పట్లు.

ఉమాశ్రీ కుర్చీలోంచి లేచింది. విసవిసా వేదిక ఎక్కింది. "ఏంది మేడం గిది, జర కిందికి దిగుండ్రి" అంటూ హెచ్చార్ రాకేష్ అడ్డం వచ్చాడు. అతన్ని తోసుకుని వెళ్లి, తన రాజీనామా కాగితం ఆ ఫోల్డరు మీద పడేసింది.

"ఇదీ రాసిచ్చిందే. చదవండి."

అలవాటు ఊరుకోదు కదా, ఆయన చదివారు. "ఉమాశ్రీ అను నేను, నా ఇష్టపూర్వకంగా..." అక్కడ ఆపేశారు. కళ్లజోడు తీసి మనవరాలి వైపు చూశారు.

"ఇది నువ్వు రాయలేదుగా తల్లీ?"

ఆ మాట మైకులో అందరికీ వినపడింది.

"లేదండీ. ఇందాక చదివింది మీరు రాశారా?"

రామ్మోహనరావు జవాబు కోసం ఫోల్డరులోకి చూశారు.