తొట్టిలో నలభై కప్పపిల్లలు

నలభై ఉండాలి. మూడో రోజు పొద్దున ముప్పై నాలుగే వచ్చాయి. కదిలేవాటి లెక్క తప్పుతుందేమోనని గిన్నెతో తోడి, ఒక్కొక్కదాన్నీ బకెట్లోకి వదులుతూ మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగే.

అది 1987 శ్రావణం. జహీరాబాద్‌లో వాన పడీ పడనట్టు పడుతోంది. గుడ్డు నుంచి కప్ప దాకా ఒక్కో దశనూ సీసాల్లో పెట్టి ఇస్తానని బాలికల బడి సైన్సు పంతులమ్మకు మాట ఇచ్చాను. బీఎస్సీ చదివి వంటింట్లో ఉన్నందుకు ఆ మాత్రమైనా చేయాలనిపించింది. ఇంటి వెనక మొరం తవ్విన గుంతలో వాననీళ్లు నిలిస్తే, పాత తువ్వాలుతో కప్పపిల్లలను పట్టి పెరట్లోని సిమెంటు తొట్టిలో వేశాను.

"కప్ప కాళ్లు బయటి దేశాలకు పంపుడు సర్కారు బంద్ వెట్టిందట. పేపర్ల జూడలేదా? నిన్ను పట్టుకపోతరు" అన్నారు మా ఆయన జగన్‌మోహన్.

"వీటికింకా కాళ్లే రాలేదు" అన్నాను.

ఆయన నవ్వారు. మా ఇంట్లో పదేళ్లుగా గిన్నెలు తోముతున్న నాగవ్వ మాత్రం నవ్వలేదు.

"గుంతల పుట్టినయి గుంతల్నే ఉండనియ్యరాదమ్మా? సీసల వెట్టి సంపుతవా?"

"గుంత ఎండితే ఎట్లయినా చస్తయి."

"అది వాన జూస్కుంటది. నీకెందుకు?"

ఆ మాట నేను మరిచిపోలేదు. తొట్టి మీద ఇనుప జాలి ఉంది, జాలి మీద రెండు ఇటుకలు ఉన్నాయి. కాకి ఎత్తలేదు, పిల్లి ఎత్తలేదు. పెరటి తలుపు తెరిచేది నేను, నాగవ్వ. మిగిలినవాటిలో కొన్నింటి తోకలు చిరిగి ఉన్నాయి. ఎవరో తొందరలో వేళ్లతో పట్టబోతే జారినట్టున్నాయి. పైగా నాగవ్వ కొడుకు మాణిక్ రెండేళ్ల కిందటి దాకా కప్పలు పట్టి, చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ఆగే బొంబాయి లారీకి ఇచ్చేవాడు.

ఇదంతా గోడ మీదుగా పక్కింటి గిరిజమ్మక్కకు చెప్పాను. నాగవ్వ వాళ్లింట్లోనూ పనిచేస్తుంది.

"కొడుకు పెద్ద కప్పలు పట్టిండు, తల్లి పిల్లకప్పల్ని పడుతున్నది. పెంచి దొంగతనంగ అమ్ముతరేమో చెల్లె" అందామె.

మరునాడు వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. నాగవ్వ అటూ ఇటూ చూసి, ఇటుకలు తీసి, జాలి ఎత్తి తొట్టి మీదికి వంగింది. నేను బయటికి వెళ్లాను.

"ఏం తీసినవ్ నాగవ్వా?"

"తియ్యలే, పోసిన. ఎండకు నీళ్లు ఉడుకుతున్నయి." చేతిలో చెంబు చూపించింది.

"మరి రోజూ ఎట్ల తగ్గుతున్నయి? ఇయాల ఇరవై అయిదే ఉన్నయి. మాణిక్‌కు ఇస్తున్నవా?"

ఆమె లేచి నిలబడింది. "నడుమ నా కొడుకు పేరెందుకొచ్చె? సర్కారు కన్న ముందే ఇడిసిండు వాడు. పదేండ్లల్ల నీ ఇంట్ల ఒక్క చెంచ పోయిందా?"

"చెంచ పోలేదు. ఇవి పోయినయి."

సగం తోమిన గిన్నెలు అక్కడే వదిలి, బూడిద చేతులతోనే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పెరటి తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. పొద్దున లెక్కపెడితే ఇరవై ఒకటి.

పీట వేసుకుని తొట్టి పక్కనే కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు చూశాను. అన్నిటికన్నా పెద్దది, నా బొటనవేలంత ఉంది, ఇంకోదాన్ని తోక పట్టి గుంజి మింగుతోంది. అవి పాచి తింటాయని కాలేజీలో చదివాను. ఉడకబెట్టి వేసిన తోటకూర మొదటి రోజు నుంచీ ముట్టకపోయినా, ఆ పాఠం మీద నాకు అనుమానం రాలేదు.

వెంటనే గిరిజమ్మక్క దగ్గరికి పోయి చెప్పాను.

"అట్లనా!" అని ఆశ్చర్యపోయింది. "నేను నిన్ననే పని మాన్పించిన. ఎదురింటోళ్లకు గూడ చెప్పిన. ఇప్పుడెట్ల పిలుస్త? ఇవి తియ్యకుంటె తియ్యకపోయె, కొడుకు కప్పలమ్మినోడే గదా?"

మిగిలినవాటిని బకెట్లో మోసుకుని గుంతకు పోతే అడుగున బురద తప్ప ఏమీ లేదు. మా ఆయన వాటిని తీసుకెళ్లి తెలిసినవాళ్ల బావిలో వదిలారు. సీసాలు ఇవ్వలేనని పంతులమ్మకు కబురు పంపాను.

నేను వెళ్లేసరికి నాగవ్వ తన ఇంటి ముందు కూర్చుని జొన్నల్లో రాళ్లు ఏరుతోంది. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

"నేను చెప్తె నమ్మలే. కప్ప చెప్తె నమ్మినవ్" అంది తలెత్తకుండా.

"మళ్ల రా నాగవ్వా."

"వస్త. రాకుంటె నిజంగనే తీసిందంటరు."

వచ్చింది. కానీ పెరటి తలుపు దగ్గర ఆగిపోయింది. "నువ్వు ముందు నడువమ్మా. నువ్వు నిలబడితెనే తోముత." అప్పటి నుంచి ఆమె తోమినంతసేపూ నేను పెరట్లో నిలబడాల్సిందే. పోయేముందు గోడ వైపు తిరిగి కొంగు దులుపుతుంది.

"గిరిజమ్మా, సూడు! ఏం లేదు!"

ఆపమని రెండుసార్లు అడిగాను. "ఆమె మళ్ల పిలిచిన్నాడు ఆపుత" అంది. దసరా వెళ్లిపోయింది. గిరిజమ్మక్క ఇంకా వేరే మనిషితోనే గిన్నెలు తోమించుకుంటోంది.